నాన్న క్లోమంలో వాపు: క్యాన్సరా, ఆటో ఇమ్యూన్ జబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా నాన్నకు 63 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మందు, సిగరెట్ అలవాట్లు ఎప్పుడూ లేవు. మూడు నెలల క్రితం కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా దురద. నొప్పి పెద్దగా లేదు. మొదట మూడు వారాలు పసరు తాగించాం. తగ్గలేదు సరికదా ఆరు కిలోల బరువు తగ్గారు. స్కాన్ తీయిస్తే క్లోమం తల భాగంలో మూడున్నర సెంటీమీటర్ల వాపు ఉందన్నారు. అప్పుడు బిలిరుబిన్ 11, క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 19-9 అనే రక్తపరీక్ష 140. షుగర్ కూడా కొత్తగా బయటపడింది. హైదరాబాద్ తీసుకొస్తే పైత్యరస నాళంలో స్టెంట్ వేశారు, కామెర్లు తగ్గుతున్నాయి. సర్జన్ గారు క్యాన్సర్ లాగే ఉంది, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేద్దాం అంటున్నారు. ఇంకో డాక్టర్ గారు, సూదితో తీసిన పరీక్షలో క్యాన్సర్ కణాలు లేవు, రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ 198 ఉంది, ఇది ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్ కావచ్చు అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ఇంటర్నెట్‌లో చదివి ఆపరేషన్‌కు అస్సలు ఒప్పుకోవద్దంటున్నాడు. ఊళ్లో ఆర్ఎంపీ గారేమో స్టెరాయిడ్ మాత్రలే కదా, పది రోజులు వేసి చూద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. రిపోర్టులన్నీ పంపుతున్నాను. రాయడం మరిచాను, నాన్నకు ఏడాదిన్నరగా దవడల కింద రెండు వైపులా నొప్పి లేని వాపులున్నాయి. వాటికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?

సమాధానం:

అమ్మా, మీరు రాయడం మరిచానంటూ చివర్లో చేర్చిన ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. రిపోర్టులు మళ్లీ మొదటి నుంచి చూశాను. దవడ వాపుల సంగతి వాటిలో ఎక్కడా లేదు. అంటే మీ నాన్నగారిని చూసిన డాక్టర్లకు ఆ విషయం తెలియకపోయి ఉండొచ్చు. తప్పు మీది కాదు. కడుపు జబ్బుకని వెళ్లినప్పుడు దవడ గురించి చెప్పాలని ఎవరికి తోస్తుంది? కానీ ఈ జబ్బులో అది చాలా పెద్ద ఆధారం. ఎందుకో చెబుతాను.

ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అంటే, బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడాల్సిన రక్షణ కణాలే క్లోమంలోకి గుంపులుగా చేరి అక్కడ వాపు తేవడం. కొన్నాళ్లకు ఆ వాపులో నారలాంటి గట్టి కణజాలం పెరుగుతుంది. క్లోమం ఉబ్బి గట్టిపడుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. రెండో రకం ఎక్కువగా చిన్న వయసు వారికి వస్తుంది. వారిలో కొందరికి పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కోలైటిస్ కూడా ఉంటుంది, రక్తంలో ఐజీజీ4 సాధారణంగా పెరగదు. మీ నాన్నగారి వయసుకు, రిపోర్టులకు దగ్గరగా ఉన్నది మొదటి రకం. ఇది యాభై, అరవై దాటిన మగవారిలో ఎక్కువ. ఇది ఒక్క క్లోమంతో ఆగే జబ్బు కాదు. ఐజీజీ4 సంబంధిత వ్యాధి అనే పెద్ద జబ్బు క్లోమంలో కనిపించే రూపం. అదే జబ్బు పైత్యరస నాళాల్లో, కిడ్నీల్లో, కడుపు వెనుక భాగంలో, కళ్ల దగ్గర కన్నీటి గ్రంథుల్లో, దవడల కింద ఉండే లాలాజల గ్రంథుల్లో కూడా కనిపించవచ్చు. రెండు వైపులా, నొప్పి లేకుండా, నెలల తరబడి నిలిచిపోయిన దవడ వాపులంటే మేం మొదట అనుమానించే జబ్బుల్లో ఇదొకటి.

అలాగని ఇదే అయి ఉంటుందని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, చెప్పకూడదు. అరవై దాటిన మనిషికి నొప్పి లేని కామెర్లు, బరువు తగ్గడం, క్లోమం తలలో గడ్డ కనిపిస్తే మొదట క్యాన్సర్‌నే అనుమానించాలి. ఎందుకంటే క్యాన్సర్ ఎక్కువ మందికి వస్తుంది, ఈ ఆటో ఇమ్యూన్ జబ్బు అరుదు. మీ సర్జన్ గారు తొందరపడుతున్నారని మీ తమ్ముడికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఆయన బాధ్యతగా మాట్లాడుతున్నారనే అనిపిస్తోంది. క్యాన్సరే అయితే ఆపరేషన్ చేయగలిగిన దశలో ఉండగానే చేయాలి, పూర్తిగా నయమయ్యే అవకాశం దానితోనే ఉంటుంది. రెండో డాక్టర్ గారి అనుమానం కూడా సరైనదే. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవడం గురించి ఆలోచించకండి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని అవే స్కాన్లను కలిసి చూసేలా చేయండి. మీరు చేయగలిగిన అతి ముఖ్యమైన పని అదే.

ఈ రెండు జబ్బులు ఒకదానిలా ఒకటి ఎందుకుంటాయంటే, లివర్ నుంచి వచ్చే పైత్యరస నాళం చిన్నపేగులో కలిసే ముందు క్లోమం తల గుండా వెళుతుంది. అక్కడ గడ్డ పెరిగినా, వాపు వచ్చినా నాళం నొక్కుకుపోతుంది. పైత్యరసం వెనక్కి పట్టి కళ్లు పచ్చబడతాయి, ఒళ్లు దురద పెడుతుంది, మలం సున్నం రంగుకు మారుతుంది. కామెర్లను బట్టి అక్కడ అడ్డు ఉందని తెలుస్తుంది కానీ ఆ అడ్డు ఏమిటో తెలియదు.

పసరు గురించి ఒక్క మాట. మన పల్లెల్లో కామెర్లనగానే పసరు దగ్గరికే వెళతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకు ఆ పేరు నిలిచిపోయింది. నాళం మూసుకుపోయి వచ్చే కామెర్లు అలా తగ్గవు. దురద, తెల్లటి మలం, బరువు తగ్గడం ఉంటే ఒక్క రోజు కూడా పసరు మీద పెట్టకూడదు. మీరు పోగొట్టుకున్న మూడు వారాల గురించి ఇప్పుడు బాధపడకండి. ఇదే తప్పు మీ ఊళ్లో ఇంకొకరు చేయకుండా చెప్పండి.

ఇక మీ రిపోర్టులు. సీఏ 19-9 140 ఉందని అందరూ భయపడ్డారు. ఆ రక్తం తీసిన రోజు బిలిరుబిన్ 11. పైత్యరసం ఆగిపోయినప్పుడు క్యాన్సర్ లేకపోయినా ఈ అంకె పెరుగుతుంది. కాబట్టి ఆ 140ని బట్టి ఏ నిర్ణయానికీ రావద్దు. స్టెంట్ వేశారు కదా, బిలిరుబిన్ బాగా దిగాక మళ్లీ చేయించండి. అప్పటికీ ఎక్కువగానే ఉన్నా, ఇంకా పెరుగుతున్నా అనుమానం క్యాన్సర్ వైపు మొగ్గుతుంది.

ఐజీజీ4 198 విషయంలో మీ తమ్ముడు సంతోషపడినట్టున్నాడు. లాబ్‌ను బట్టి కొంచెం మారుతుంది కానీ సాధారణంగా 135 దాకా మామూలుగా లెక్కిస్తారు. 198 అంటే పెరిగిందనే అర్థం. అయితే క్లోమ క్యాన్సర్ ఉన్నవారిలో కూడా సుమారు పది మందిలో ఒకరికి ఇది కొంచెం పెరిగి ఉంటుంది. మామూలు కన్నా రెండింతలు దాటితే, అంటే 270, 280 పైకి వెళితే, అప్పుడు దాని మాటకు బలం వస్తుంది, ఎందుకంటే క్యాన్సర్‌లో అంత పెరగడం చాలా అరుదు. ఇంకోవైపు, ఆటో ఇమ్యూన్ జబ్బు నిజంగా ఉన్నవారిలో కూడా కొందరికి ఐజీజీ4 మామూలుగానే ఉంటుంది. 198 అనేది మధ్యలో ఉన్న అంకె. అది తలుపు తెరిచి ఉంచుతుంది, అంతే.

నాకు ఎక్కువ ఆశ కలిగించింది సీటీ రిపోర్టులో ఎవరూ మీకు విడమరిచి చెప్పని ఒక వాక్యం. క్లోమం లోపలి నాళం ఉబ్బలేదని, తోక భాగం కృశించలేదని రాశారు. క్లోమం తలలో క్యాన్సర్ గడ్డ ఉంటే చాలాసార్లు దాని వెనుక ఉన్న నాళం వెడల్పవుతుంది, మిగిలిన క్లోమం సన్నబడుతుంది. ఆటో ఇమ్యూన్ జబ్బులో నాళం సన్నగా, పొడవునా ఇరుకుగా ఉంటుంది కానీ వెనుక పెద్దగా ఉబ్బదు. ఆ జబ్బు క్లోమం మొత్తానికి వస్తే స్కాన్‌లో నొక్కులు, ముడతలు పోయి నున్నగా సాసేజ్‌లా కనిపిస్తుంది, చుట్టూ పలుచని అంచు గీసినట్టు ఉంటుంది. అది చూస్తే అనుభవమున్న రేడియాలజిస్టుకు దాదాపు సందేహం ఉండదు. మీ నాన్నగారిలో తల భాగం మాత్రమే వాచింది, అందుకే ఇంత చిక్కు.

ఇక్కడే మీరు జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. మొదటి సీటీ స్టెంట్ వేయకముందు తీసింది. స్టెంట్ పడ్డాక నాళాల రూపం మారుతుంది, దాని వల్ల చుట్టూ కొంత వాపు రావచ్చు, తర్వాత తీసే స్కాన్లను చదవడం కష్టమవుతుంది. కాబట్టి ఆ మొదటి సీడీ బంగారం అనుకోండి. కాగితం మీది రిపోర్టు సరిపోదు, సీడీ కావాలి. దాన్ని క్లోమం జబ్బులు రోజూ చూసే రేడియాలజిస్టుతో మళ్లీ చదివించండి. వారు ఎంఆర్ఐ, ఎంఆర్‌సీపీ (ఎంఆర్ఐతోనే పైత్య, క్లోమ నాళాలను చూసే స్కాన్) అడగవచ్చు. క్లోమనాళం ఎక్కడ, ఎంత పొడవున ఇరుకుగా ఉందో అందులో తెలుస్తుంది. అదే సమయంలో కిడ్నీలను, మిగిలిన పైత్యనాళాలను కూడా చూడమనండి.

సూది పరీక్ష సంగతి. క్యాన్సర్ కణాలు కనిపించలేదు అన్నది మంచి మాటే, కానీ క్యాన్సర్ లేదు అన్న మాట కాదు. గట్టిగా నారకట్టిన గడ్డలో సూది పక్కకు తగిలితే క్యాన్సర్ ఉన్నా కణాలు దొరకకపోవచ్చు. పైగా మీ రిపోర్టును బట్టి చేసింది సన్న సూదితో విడివిడి కణాలు తీసే పరీక్ష. ఆటో ఇమ్యూన్ జబ్బును నిర్ధారించాలంటే కణాలు ఎలా అమరి ఉన్నాయో కనిపించాలి, దానికి చిన్న ముక్క కావాలి. నోటి గుండా గొట్టం పంపి చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లోనే ముక్క తీసే సూదులు ఇప్పుడున్నాయి. ఆ ముక్కలో పాథాలజిస్టు ఏం వెతుకుతారంటే, లింఫ్ కణాలు, ప్లాస్మా కణాలు కిక్కిరిసి ఉన్నాయా, నారలు చాప అల్లినట్టు తిరుగుతున్నాయా, చిన్న సిరలు వాపుతో పూడుకుపోయాయా అని. తర్వాత ఐజీజీ4 కోసం ప్రత్యేకంగా రంగు వేసి, సూక్ష్మదర్శినిలో పెద్దది చేసి చూసే ఒక్కో గడిలో అలాంటి కణాలు పది దాటాయా అని లెక్కపెడతారు. ఇవన్నీ ప్రతిసారీ దొరకవు. ముక్క చిన్నది కదా. అయినా రెండోసారి ప్రయత్నించడం అవసరమే, ముఖ్యంగా క్యాన్సర్ లేదని నమ్మకం కుదరడానికి.

దవడ వాపులు ఇంకోలా కూడా ఉపయోగపడతాయి. క్లోమం కడుపులో లోతుగా ఉంటుంది, లాలాజల గ్రంథి చర్మం కిందే ఉంటుంది. అవసరమనుకుంటే అక్కడి నుంచి ముక్క తీయడం తేలిక. అందులో ఐజీజీ4 జబ్బు కనిపిస్తే క్లోమంలోదీ అదే కావడానికి అవకాశం బాగా పెరుగుతుంది. అప్పటికీ క్లోమంలో క్యాన్సర్ ఉండనే ఉండదని హామీ మాత్రం దొరకదు. ఒక మనిషికి రెండు జబ్బులు రాకూడదని నియమం లేదు.

ఈ జబ్బుకు ఒక్క పరీక్షతో అవును, కాదు అని తేలదు. స్కాన్ రూపం, ఐజీజీ4, ఇతర అవయవాలు, ముక్క పరీక్ష, స్టెరాయిడ్‌కు వచ్చే మార్పు, ఈ ఐదింటినీ కలిపి చూడాలని 2011లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫ్రాన్స్‌లో 1961లోనే ఇలాంటి రోగుల గురించి రాశారు. ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అన్న పేరు 1995లో జపాన్ డాక్టర్లు పెట్టారు. ఐజీజీ4తో సంబంధాన్ని కూడా 2001లో జపాన్ డాక్టర్లే చూపించారు. అంతకుముందు క్యాన్సర్ అనుకుని ఆపరేషన్ చేసి, తీసిన క్లోమాన్ని పరీక్షిస్తే క్యాన్సర్ లేదని తేలినవారు ఎందరో. ఇప్పటికీ అక్కడక్కడా అలా జరుగుతోంది. మీ నాన్నగారికి చెప్పిన విపుల్ ఆపరేషన్‌లో క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళంలో కొంత తీసేసి మిగిలిన భాగాలను మళ్లీ అతుకుతారు. అవసరమైనప్పుడు ప్రాణం కాపాడే ఆపరేషన్ అది. మాత్రలతో తగ్గే జబ్బుకు చేయించుకోవాల్సింది కాదు.

ఇప్పుడు ఆర్ఎంపీ గారి సలహా. దయచేసి వద్దు. ఈ ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే. స్టెరాయిడ్ వేస్తే ఏ జబ్బు ఉన్నవారికైనా ఆకలి పుడుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది. క్యాన్సర్ ఉన్న మనిషి కూడా నాలుగు రోజులు బాగున్నానంటారు. కామెర్లు ఎలాగూ స్టెంట్ వల్ల తగ్గుతున్నాయి. ఆ రెండూ కలిసి మిమ్మల్ని నమ్మిస్తాయి, నెలలు గడిచిపోతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. లింఫోమా అనే మరో రకం క్యాన్సర్ స్టెరాయిడ్‌తో తాత్కాలికంగా కరిగిపోతుంది, ఆ తర్వాత ముక్క తీసినా ఏమీ తేలకపోవచ్చు. దవడల కింద వాపులున్న మనిషిలో దాన్ని కూడా ఆలోచించాలి. అందుకే ముక్క పరీక్ష ముందు, స్టెరాయిడ్ తర్వాత. ఈ వరుస తప్పకూడదు.

అదే మాత్రను సరైన పద్ధతిలో వాడితే అది పరీక్షగా కూడా పనికొస్తుంది. క్యాన్సర్ కోసం వెతకాల్సినంత వెతికి, దొరకలేదని తేల్చుకున్నాక, పెద్ద ఆస్పత్రిలో గ్యాస్ట్రో డాక్టర్ పర్యవేక్షణలో ప్రెడ్నిసలోన్ మొదలుపెడతారు. మోతాదు మామూలుగా రోజుకు 30 నుంచి 40 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, బరువును బట్టి వారే నిర్ణయిస్తారు. రెండు వారాల తర్వాత మళ్లీ స్కాన్. ఆటో ఇమ్యూన్ జబ్బయితే క్లోమం వాపు కళ్లకు కనిపించేలా తగ్గుతుంది, ఇరుకైన నాళం తెరుచుకోవడం మొదలవుతుంది. నాన్నగారు బాగా తింటున్నారా, నవ్వుతున్నారా అన్నది లెక్కలోకి రాదు, స్కాన్‌లో తగ్గాలి. తగ్గకపోతే ఇంకో నెల చూద్దాం అనుకోకుండా మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్లాలి. అందుకే ఆ రెండో స్కాన్ తేదీ, సర్జన్‌ను కలిసే తేదీ మాత్రలు మొదలుపెట్టే రోజే రాయించుకోండి. మీ తమ్ముడికి కూడా ఈ మాట చెప్పండి. ఆపరేషన్ వద్దే వద్దని అతను ముందే తేల్చేసుకోవడం సరికాదు.

స్టెరాయిడ్‌కు ముందు టీబీ, హెపటైటిస్ బి లేవని చూడాలి. మన దగ్గర ఈ రెండూ తక్కువేమీ కాదు, లోపల దాగి ఉంటే స్టెరాయిడ్‌తో తిరగబెడతాయి. షుగర్ ఇప్పటికే ఉంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్లు ఇన్సులిన్ వేసుకోవాల్సి రావచ్చు, భయపడకండి. క్లోమం వాపు వల్ల వచ్చిన షుగర్ వాపు తగ్గాక కొందరిలో మెరుగవుతుంది. మాత్రలు మొదలుపెట్టాక ఎవరు చెప్పినా, ఎంత బాగున్నా, ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి, దానికి నెలలు పడుతుంది.

నయమవుతుందా అంటే, ఆటో ఇమ్యూన్ జబ్బే అయితే స్టెరాయిడ్‌కు దాదాపు అందరిలో బాగా తగ్గుతుంది. మొదటి రకంలో మళ్లీ రావడం మాత్రం తరచుగా చూస్తాం, క్లోమంలోనో, పైత్యనాళంలోనో. మళ్లీ వస్తే మళ్లీ స్టెరాయిడ్, లేదా రక్షణ కణాలను అదుపు చేసే అజాథయోప్రిన్, రిటుక్సిమాబ్ లాంటి మందులు ఉన్నాయి. రిటుక్సిమాబ్ ఖరీదైనది, అవసరమైనప్పుడు దాని గురించి ఆలోచిద్దాం. తిన్నది అరగక మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతున్నట్టుంటే డాక్టర్‌కు చెప్పండి, భోజనంతో పాటు వేసుకునే ఎంజైమ్ క్యాప్సూళ్లు ఇస్తారు. బరువు మళ్లీ రావడానికి అవి చాలా సాయపడతాయి.

స్టెంట్ గురించి మీకు ఎవరైనా చెప్పారో లేదో. ప్లాస్టిక్‌దైతే సుమారు మూడు నెలల్లో మార్చాలి లేదా తీసేయాలి. చలి జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా స్టెంట్ మూసుకుపోయి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మందు ముట్టని మనిషికి క్లోమం జబ్బేమిటని ఊళ్లో అడుగుతారు. ఈ జబ్బు తాగుడు వల్ల వచ్చేది కాదు. అంటుకోదు కూడా. నాన్నగారు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం లేదని వారికి చెప్పండి.

ఈ వారంలోనే ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేసి, కలిసి చూడమని అడగండి. ఒకే చోట కుదరకపోతే సర్జన్లు, గ్యాస్ట్రో డాక్టర్లు, రేడియాలజిస్టులు కలిసి కేసులు చర్చించే పెద్ద ఆస్పత్రికి వెళ్లండి. మొదటి సీడీ, సూది పరీక్ష స్లైడులు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. పసరు తాగించిన సంగతి దాచకండి. గదిలోకి వెళ్లగానే మొదట చెప్పాల్సింది దవడ వాపుల గురించి. వెళ్లే ముందు ఇంట్లో మంచి వెలుతురులో నాన్నగారి దవడలను ముందు నుంచి, రెండు పక్కల నుంచి ఫొటోలు తీసి ఉంచండి. స్టెరాయిడ్ మొదలుపెట్టాల్సి వస్తే రెండు వారాల తర్వాత అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీయండి. రెండో స్కాన్ రోజు ఆ ఫొటోలు కూడా డాక్టర్ గారి ముందు పెట్టండి.